పొయ్యి కట్టిన అన్న, మసి దులిపిన తమ్ముడు

నవంబరు గాలివాన వెలిసిన మర్నాడు మా తలుపు తట్టింది ఎర్విన్ గెల్బర్ గారు. ఆ గాలికి అమెరికాలో సియాటిల్ పక్కనున్న మా బాతెల్‌లో పెద్ద పెద్ద చెట్లు విరిగి కరెంటు తీగల మీద పడ్డాయి. మా వీధి మొత్తానికి కరెంటు లేదు. ఇక్కడి ఇళ్ళు వెచ్చబడేది కరెంటుతోనే కాబట్టి, తెల్లారేసరికి మా హాల్లో మాట్లాడుతుంటే నోట్లోంచి ఆవిరి వస్తోంది. నేను, మా ఆయన ఆనందబాబు, మా అమ్మాయి పర్సిస్, ముగ్గురం ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని ఒకే సోఫాలో ముడుచుకుని కూర్చున్నాం.

తలుపు తీస్తే, వీధి చివరి ఇంటి ముసలాయన. తొంభై ఏళ్ళుంటాయి. నెత్తిన ఉన్నిటోపీ, చేతిలో కర్ర.

"మా ఇల్లు వెచ్చగా ఉంది. రండి. గిన్నెలు తెచ్చుకుంటే వంట కూడా చేసుకోవచ్చు," అని పక్కింటి తలుపు తట్టడానికి వెళ్ళిపోయారు.

అప్పటిదాకా ఆయనతో మా పరిచయమల్లా చెత్తడబ్బాలు బయట పెట్టేటప్పుడు చెయ్యి ఊపుకోవడమే.

"యాప్‌లో చూశాను, పవర్ రెస్టోర్ అవ్వడానికి ఇంకా టూ డేస్ పడుతుందంట," అన్నాడు ఆనందబాబు. "వెళ్దాం పద, వసంతా. మొహమాటపడితే ఫ్రీజ్ అయిపోతాం."

బియ్యం, కందిపప్పు, ఓ ఊరగాయ సీసా పట్టుకుని వెళ్ళాం. గుమ్మంలో అడుగు పెట్టగానే వీపుకి ఎండ తగిలినట్టయింది. హాలు మధ్యలో నేల నుంచి పైకప్పు దాకా ఇటుకలతో కట్టిన పెద్ద పొయ్యి. మంట పొద్దుటే ఆరిపోయిందట, ఇటుకలు మాత్రం చెయ్యి ఆనిస్తే హాయిగా వేడిగా ఉన్నాయి.

"ఇది మా అన్న బ్రూనో కట్టాడు," అన్నారు ఆయన.

"మేసనా, అంకుల్?" అంది పర్సిస్.

"మేస్త్రి. పద్నాలుగేళ్ళకే మేస్త్రి. ఆ పనే మమ్మల్ని బతికించింది."

నేను బాపట్లలో చర్చి స్కూల్లో చదువుకున్నదాన్ని. యూదుడంటే నాకు బైబిలు పుటల్లోని మనిషే. చేయి చాస్తే అందేంత దూరంలో కూర్చుని నా చేతి పప్పన్నం తింటున్న యూదుణ్ణి చూడటం అదే మొదలు. ఆ రెండు రోజుల్లోనూ, ఆ తరువాత ఆదివారాలు చర్చి నుంచి వస్తూ నేను ఆగినప్పుడూ ఆయన చెప్పిన సంగతులివి.

వాళ్ళది రొమేనియాలో, బుకోవినా ప్రాంతంలో ఓ చిన్న ఊరు. తండ్రి మోరిట్స్ పొయ్యిలు కట్టే మేస్త్రి. మంచు పడే ఆ దేశంలో పొయ్యి వంటకి ఎంత ముఖ్యమో ప్రాణానికీ అంతే. ఇటుకా బంకమట్టీతో నిలువెత్తు కట్టి, పొగ తిన్నగా పైకి పోకుండా లోపల మెలికలు తిరిగేట్టు దారులు పెడతారు. ఆ పొగ తన వేడినంతా ఇటుకలకి అప్పగించి పోతుంది. పెద్దకొడుకు బ్రూనో తండ్రి పక్కన నిలబడి తాపీ పట్టాడు. ఎర్విన్ బ్రూనో కన్నా ఏడేళ్ళు చిన్న. వాడి ఒళ్ళు సన్నం కాబట్టి పొగదారుల్లో దూరి మసి దులపడం వాడి పని. ఈ తొంభై ఏళ్ళ పెద్దమనిషిని 'వాడు' అనడం నాకు కష్టంగానే ఉంది. కానీ అప్పటికి ఆయన ముక్కుకి మసి అంటించుకుని తిరిగే ఏడేళ్ళ కుర్రాడు.

1941 అక్టోబరులో, హిట్లరుతో చేతులు కలిపిన అక్కడి ప్రభుత్వం ఆ ఊరి యూదులందర్నీ పశువుల్ని తోలే రైలుపెట్టెల్లో ఎక్కించింది. ద్నీస్టర్ నది ఒడ్డున దింపి, తెప్పల మీద ఆవలికి తోలింది. ఆవల ఉక్రెయిన్. అక్కణ్ణుంచి వానలో, మోకాటి లోతు బురదలో నడక. నడవలేక ఆగినవాళ్ళని సాయుధ పోలీసులు అక్కడే కాల్చేసేవారు.

జ్వరంతో ఉన్న మోరిట్స్ ఒకచోట కూలబడిపోయాడు. భార్య లేవదీయబోతే వద్దన్నాడు. పనిముట్ల సంచి బ్రూనో భుజానికి తగిలించాడు.

"అమ్మనీ చిన్నాణ్ణీ నడిపించు. వెనక్కి చూడకండి," అన్నాడు.

"వెనక తుపాకీ మోగింది," అన్నారు ఎర్విన్ గారు. "మా అన్న రెండు చేతులతో నా చెవులు మూశాడు. తన చెవులు మూసుకోవడానికి వాడికి చేతులు లేవు."

వాళ్ళని చేర్చింది చుట్టూ ముళ్ళతీగ వేసిన ఓ పాడుబడ్డ ఊళ్ళోకి. పశువుల కొట్టంలో మనిషి పక్కన మనిషి. తలుపుల్లేవు, నిప్పు లేదు. చలికి తోడు పేలు పట్టాయి. పేల వల్ల వచ్చే విషజ్వరం ఆ శీతాకాలం ఇంటికి ఇల్లు తుడిచిపెట్టింది. తీగ దాటినవాడికి శిక్ష తుపాకీ గుండు.

తీగకి అవతల, బాంబులు పడి కూలిన చక్కెర మిల్లు ఒకటి ఉంది. అక్కడ గుట్టలుగా ఇటుకలున్నాయని బ్రూనో గమనించాడు. తెల్లవారుజాము మంచులో తీగ కింద నుంచి పాక్కుంటూ పోయి, కోటు లోపల ఒక్కో విడతకి రెండేసి ఇటుకలు దాచి తెచ్చేవాడు. కొట్టం నేల తవ్వి మట్టి తీశాడు. గడ్డీ పేడా కలిపి తొక్కాడు. తొక్కుతున్నప్పుడు ఎర్విన్‌ని భుజాల మీద కూర్చోబెట్టుకునేవాడు, వాడి బరువు కూడా మట్టి మీద పడుతుందని.

"నువ్వు పిచ్చివాడివి. రెండిటుకల కోసం చస్తావు," అన్నారు కొట్టంలో పెద్దవాళ్ళు.

"రెండిటుకలు లేకపోయినా చస్తాను," అన్నాడు బ్రూనో.

పొయ్యి వెలిగేనాటికి వాళ్ళమ్మ లేదు. అంతకు రెండు రోజుల ముందే జ్వరం ఆమెను తీసుకుపోయింది. బ్రూనో మొదటి మంట తనే వేశాడట. తరువాత పొయ్యి అరలో అందరి బట్టలూ పెట్టించాడు. ఆ వేడికి పేలు చచ్చాయి. పక్క కొట్టాల్లో రోజూ శవాలు లేస్తుంటే, వీళ్ళ కొట్టంలో చావులు నెమ్మదించాయి. అది చూసి మిగతా కొట్టాలవాళ్ళు వచ్చారు. మంచు కరిగేలోగా అన్నదమ్ములు ఆ శిబిరమంతా తిరిగి పొయ్యిలు కట్టారు.

"ఎవరు అడిగినా మీ అన్న వెళ్ళేవారా, అంకుల్?" అడిగింది పర్సిస్.

"వెళ్ళేవాడు. కానీ తిట్టుకుంటూ వెళ్ళేవాడు. మా అన్న సాధువేం కాదమ్మా. మట్టి సరిగ్గా తొక్కలేదని మా మతగురువు రబ్బీగారినే తిట్టాడు."

పక్క పల్లెలో పరాస్కా అనే ఉక్రెయిన్ విధవరాలు ఉండేది. ఆమె ఇంట్లో పొగ వెనక్కి కొడుతుంటే, కాపలావాడికి నచ్చజెప్పి ఈ అన్నదమ్ముల్ని పిలిపించుకుంది. పని చూసి రొట్టె పెట్టింది. మళ్ళీ రమ్మంది. ఆమె ఇంటి పొయ్యి ఆ దేశపు పద్ధతిలో కట్టింది. పైన మనుషులు పడుకునేంత వెడల్పు అరుగు ఉంటుంది.

1942 వేసవిలో ఇంకో పిడుగు పడింది. బలంగా ఉన్న కుర్రాళ్ళని వరసలో నిలబెట్టి ఏరారు. బగ్ నది ఆవల జర్మన్ల చేతికింద రోడ్డు పని. ఆ నది దాటినవాళ్ళు తిరిగి రారని శిబిరంలో అందరికీ తెలుసు. బ్రూనోని ఏరారు. ఎర్విన్ అన్న కోటు పట్టుకుని వదల్లేదు. బ్రూనో ఆ వేళ్ళని ఒక్కొక్కటే విడదీశాడు.

"పరాస్కా ఇంట్లో పొగదారి సగమే దులిపాం. తెలుసుగా?"

"తెలుసు."

"మిగతా సగం నువ్వు దులుపు. పని సగంలో వదిలితే ఎవరూ రొట్టె పెట్టరు. నేను వచ్చేదాకా పని వదలకు."

ఎనిమిదేళ్ళవాడు మర్నాడే తీగ కింద నుంచి పాకాడు. పరాస్కా ఇంట్లో మిగిలిన సగం దులిపాడు. ఆమె చెప్పగా ఇంకో ఇల్లు, ఆ తరువాత మరో ఇల్లు. దొరికిన రొట్టెలో సగం కొట్టంలో తన పక్కన పడుకునే ముసలమ్మకి పెట్టేవాడు. ఆమెకి అయినవాళ్ళెవరూ మిగల్లేదు. చలికి తన శాలువాలో వాణ్ణి చుట్టుకుని పడుకునేది. అన్న చనిపోయాడని ఎవరైనా అంటే వాడు వాదించేవాడు కాదట. లేచి పనికి వెళ్ళిపోయేవాడు.

బగ్ ఆవల బ్రూనో రాళ్ళ క్వారీలో పడ్డాడు. కొట్టడానికి మనుషులు, తరమడానికి కుక్కలు. పగలంతా రాయి కొట్టడం, పొద్దుగూకే వేళకి పడిపోయినవాళ్ళని లెక్కలోంచి తీసేయడం. శీతాకాలం వచ్చేసరికి తోటివాళ్ళు బాగా తగ్గిపోయారు. కాపలాదారుల ఇంటికి పొయ్యి కట్టాలని, పని వచ్చినవాడెవడని అడిగారు. బ్రూనో చెయ్యెత్తాడు.

మట్టి కోసం నది ఒడ్డుకి తీసుకెళ్ళినప్పుడల్లా నీటినే చూసేవాడు. అంచులు గడ్డకట్టాయి. తరువాత మధ్య కూడా తెల్లబడింది. ఆ ఇంటి పొయ్యి ఎంతో అందంగా కట్టాడు. పొగదారి మెలిక దగ్గర మాత్రం పచ్చి మట్టిముద్ద ఒకటి గడ్డి ఊతం మీద నిలిపాడు. గడ్డి కాలిపోయేదాకా పొగ చక్కగా పోతుంది. ఆ తరువాత ముద్ద పడి దారి మూసుకుపోతుంది.

తోటివాళ్ళకి ఆ సంగతి చెప్పి, "నాతో రండి," అన్నాడు.

"మాకు కాళ్ళు లేవు," అన్నారు. నిజంగానే వాళ్ళు నడిచే స్థితిలో లేరు. "నువ్వు పో. నీకు తమ్ముడున్నాడు."

మంచుతుఫాను వీస్తున్న మధ్యాహ్నం పొయ్యి వెలిగించారు. కాసేపటికి ఇల్లంతా పొగ. కాపలావాళ్ళు దగ్గుతూ, కళ్ళు నులుముకుంటూ బయటికి పరిగెత్తారు. కుక్కలకీ ఆ పొగలో ఏమీ అంతుపట్టలేదు. బ్రూనో తుఫానులోకి నడిచి, నది మంచు మీద బోర్లా పడుకుని పాకుతూ ఇవతలికి వచ్చాడు.

"వాడు జన్మలో చెడగొట్టి కట్టిన పొయ్యి అదొక్కటే," అన్నారు ఎర్విన్ గారు. నవ్వారు గానీ ఆ నవ్వు వెంటనే పోయింది. "అక్కడ ఉండిపోయినవాళ్ళ పేర్లు మాత్రం వాడికి కంఠస్థం. ఏటా మా ఉపవాసం రోజున గుళ్ళో నిలబడి ఆ పేర్లన్నీ చదివేవాడు. వాళ్ళకి ఏమైందో వాడికి తెలియదు. తెలియకపోవడమే వాణ్ణి తినేసింది."

పగళ్ళు గడ్డివాముల్లో దాక్కుంటూ అతను పరాస్కా ఇల్లు చేరాడు. చలి కొరికి పాదం నల్లబడిపోయింది. ఆమె ఏమీ అడగలేదు. పొయ్యి మీది అరుగు ఎక్కించి, ముందు ఉల్లిపాయల బస్తాలు పేర్చింది. ఎర్విన్ ఎప్పటిలాగే పనికి వచ్చాడు.

"పైన ఓ బస్తా నిన్ను పిలుస్తోంది, చూడు," అంది పరాస్కా.

వాడు ఎక్కి చూసి, అరవకుండా తన పిడికిలి తనే నోట్లో కుక్కుకున్నాడట.

కొన్నాళ్ళకి పోలీసులు పల్లెలో సోదాకి దిగారు. పారిపోయి వచ్చినవాణ్ణి దాచినవాళ్ళకీ శిక్ష తుపాకీ గుండే. వాళ్ళు గుమ్మంలోకి వచ్చేసరికి ఎర్విన్ పొయ్యి నోట్లో నడుం దాకా దూరి ఉన్నాడు. బయటికి తల పెట్టాడు. మసి పట్టిన మొహంలో కళ్ళు తప్ప ఏమీ కనిపించడంలేదు.

"పైన ఏముంది?" అన్నాడు పోలీసు.

"ఉల్లిపాయలు, అయ్యా. చూస్తారా? కొంచెం ఆగండి, దారిలో మసి అడ్డం ఉంది," అని వాడు పొగదారికి అడ్డుగా ఉన్న లోపలి పలక లాగేశాడు.

ఎన్నాళ్ళ మసో, ఒక్కసారిగా గదిలోకి దూకింది. పోలీసు చొక్కా, మీసం, టోపీ అన్నీ నల్లగా అయిపోయాయి. అతను వాడి చెంప పగలగొట్టి, తిడుతూ బయటపడ్డాడు. పై అరుగు మీద బస్తాల వెనక బ్రూనో దగ్గు ఆపుకోవడానికి తన చేతినే కొరుక్కున్నాడు.

"ఆ పంటిగాటు చచ్చేదాకా ఉంది వాడికి," అన్నారు ఎర్విన్ గారు.

"మీకు భయం వెయ్యలేదా?" అన్నాను.

"వేసింది. పాంటు తడిసింది కూడా. అదృష్టం, మసిలో ఎవరికీ కనపడలేదు."

ఏడాదికి పైగా అలా గడిచింది. 1944 మొదట్లో శిబిరంలోని తల్లిదండ్రుల్లేని పిల్లల్ని రొమేనియాకి తిరిగి పంపడానికి అనుమతి దొరికింది. చిన్నపిల్లలకే ఆ అవకాశం. బ్రూనోకి అప్పటికి పదహారు దాటాయి. పైగా అతను ఉన్నాడనే సంగతే ఎవరికీ తెలియకూడదు. ఎర్విన్ వెళ్ళనన్నాడు. ఎన్ని చెప్పినా వినలేదు.

అప్పుడు బ్రూనో మొహం మార్చేశాడు.

"నీ వల్లే నేను ఇక్కడ ఇరుక్కున్నాను. నువ్వు లేకపోతే ఎప్పుడో అడవుల్లోకి పోయేవాణ్ణి. నిన్ను మోసి మోసి విసుగెత్తింది. పోరా, నా కళ్ళముందు ఉండకు."

పదేళ్ళవాడు పొయ్యి అరుగు దిగి, శిబిరానికి నడిచి, పిల్లలతో పాటు రైలెక్కాడు. కిటికీలోంచి చూడలేదు.

కొద్ది వారాల్లో రష్యా సైన్యం వచ్చి ఆ శిబిరాన్ని విడిపించింది. కానీ తమ్ముడు యుద్ధరేఖకి అవతల, అన్న ఇవతల. ఆగస్టులో రొమేనియా జర్మనీని వదిలి ఇటువైపు చేరాక దారి తెరుచుకుంది. బ్రూనో కుంటుకుంటూ ఊరూరా అనాథాశ్రమాలు తిరిగాడు. ఎర్విన్ అనే పేరున్న పిల్లలు చాలామందే కనిపించారు, ఎవరూ వీడు కాదు. చలికాలం ముదిరాక ఓ ఊళ్ళో ఆశ్రమం నడిపే ఆవిడతో ఇంకో రకంగా అడిగాడు.

"పొయ్యిల గురించి అతిగా మాట్లాడే పిల్లాడు ఎవడైనా ఉన్నాడా?"

ఆవిడ తల పట్టుకుంది. "ఉన్నాడు. వారం నుంచి మా వంటింటి పొయ్యి విప్పి పెట్టాడు, పొగ తప్పుగా పోతోందంటాడు. వంట పెరట్లో చేసుకుంటున్నాం."

బ్రూనో వంటింటి గుమ్మంలోకి వెళ్ళాడు. ఇటుకల మధ్య చిన్న వీపు ఒకటి వంగి ఉంది.

"ఆ మెలిక అంత ఇరుకు పెడితే పొగ వెనక్కి కొడుతుంది," అన్నాడు.

వీపు కదలడం ఆగిపోయింది. వాడు వెనక్కి తిరగలేదు.

"నిన్ను మోసి విసుగెత్తిందన్నావుగా. ఎందుకొచ్చావు?"

"అబద్ధం చెప్పాను."

"ఎంత అబద్ధం?"

"మొత్తం."

వాడు చెయ్యి మాత్రం వెనక్కి చాచి, "అయితే ఆ మట్టి ఇలా అందించు," అన్నాడు. చీకటి పడేలోగా ఇద్దరూ కలిసి పొయ్యి ముగించారు. ఆ తరువాతే ఏడ్చారట. ఆవిడ కూడా ఏడ్చింది, పొయ్యి బాగా మండుతోందని అంటూ.

యుద్ధం ముగిశాక కొన్నేళ్ళు ఆస్ట్రియాలో శరణార్థుల శిబిరంలో ఉండి, ఓడలో అమెరికా వచ్చారు. సియాటిల్ యూదుల సంఘం వాళ్ళు పిలిపించుకున్నారు. బ్రూనో తాపీ పట్టి తమ్ముణ్ణి చదివించబోయాడు. తమ్ముడు హైస్కూలు అవగానే పుస్తకాలు పక్కన పెట్టి తనూ తాపీ పట్టాడు. ఈ చుట్టుపక్కల పాత ఇళ్ళలో వాళ్ళు కట్టిన, చలికి మంట వేసుకునే నిప్పుగూళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. బ్రూనో పెళ్ళి చేసుకోలేదు. ఎర్విన్ గారి భార్య మిరియం అతనికి జీవితాంతం అన్నం పెట్టింది. అన్నదమ్ములిద్దరూ కలిసి పరాస్కాకి ఆమె పోయేదాకా పార్శిళ్ళు పంపారు. ఉన్ని శాలువాలు, మందులు, ఒకసారి కుట్టుమిషను.

2020లో కోవిడ్ వచ్చేనాటికి బ్రూనో వృద్ధుల ఆశ్రమంలో ఉన్నాడు. ఎవర్నీ లోపలికి రానివ్వలేదు. ఎర్విన్ గారు మడతకుర్చీ ఒకటి తెచ్చుకుని, అన్న కిటికీ బయట వానలో గొడుగు పట్టుకుని కూర్చునేవారు. లోపల నర్సు ఒకావిడ ఫోను బ్రూనో చెవి దగ్గర పెట్టేది. నేనూ నర్సునే. ఆ రోజుల్లో అలాంటి కిటికీలు ఎన్నో చూశాను. అలా రోజూ వచ్చి కూర్చున్నవాళ్ళు ఎంత తక్కువో నాకు తెలుసు.

ఓ రోజు ఎర్విన్ గారు అడిగారట. "రైలెక్కించడానికి అంత గట్టిగా తిట్టాల్సిందా, అన్నా? అప్పుడప్పుడూ ఇప్పటికీ గుచ్చుకుంటుంది."

లోపలి నుంచి బొంగురు గొంతు వచ్చింది. "మెల్లగా చెబితే ఎక్కేవాడివా?"

"ఎక్కేవాణ్ణి కాదు."

"మరింకేం."

ఆ వారంలోనే బ్రూనో పోయాడు. కిటికీ అవతల తమ్ముడు ఉండగానే.

మొన్న వసంతంలో పర్సిస్ ఆయన్ని తన హైస్కూలుకి రమ్మని అడిగింది. "అమ్మా, ఆయన హెల్త్ ఓకేనా? స్ట్రెస్ అవుతారేమో కదా," అని నన్ను ముందు అడిగింది గానీ, ఆయన ఒక్కమాటకే ఒప్పుకున్నారు. నేనే డ్రైవ్ చేశాను. పిల్లలు ఊపిరి బిగబట్టి విన్నారు. చివర్లో ఒకమ్మాయి లేచి, మీ ఇద్దరిలో ఎవరు ఎక్కువ ధైర్యవంతులు అని అడిగింది.

ఆయన రెండు చేతులూ కర్ర మీద ఆనించారు.

"మా అన్నకి కుక్కలంటే భయం," అన్నారు. "ముప్పై ఏళ్ళు పనికి వెళ్ళినా, ఏ ఇంట్లో చిన్న బొచ్చుకుక్క ఉన్నా సరే, నేను దాన్ని కట్టేసేదాకా వాడు వ్యాన్ దిగేవాడు కాదు. ప్రతిరోజూ భయపడ్డాడు. ప్రతిరోజూ పనికి వచ్చాడు."

పిల్లలు నవ్వబోయి ఆగిపోయారు. ఆయనే ముందు నవ్వి వాళ్ళని నవ్వనిచ్చారు.

తిరిగి వచ్చేటప్పుడు కార్‌లో పర్సిస్ వెనక సీట్లోంచి ముందుకు వంగింది. "అంకుల్, వచ్చే గురువారం ఇంకో క్లాస్‌కి రమ్మంటున్నారు. మార్నింగ్ టైమ్‌లో. వస్తారా?"

"పొద్దున కుదరదు," అన్నారు ఎర్విన్ గారు కళ్ళు మూసుకునే. "ఆ వేళకి నేను ఈతకి వెళ్తాను. మధ్యాహ్నం పెట్టుకోమను, వస్తాను."